కల్లాపి లాంటి చుక్కలు: డీఐసీ ప్రాజెక్టు డైరీ

జనవరి 3

మామ కెమెరా ఇంటికొచ్చింది. మామ పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్. ధనుర్మాసంలో మా వైపు ముహూర్తాలుండవు కాబట్టి 24 మెగాపిక్సెళ్ల కెమెరా, నగల క్లోజప్పులకి వాడే 100 ఎంఎం మాక్రో లెన్సు రెండూ బీరువాలో ఖాళీగా ఉన్నాయి. "మాఘం పెళ్లిళ్లు మొదలయ్యేలోపు ఇచ్చేయాల పాపా, ఆ తర్వాత ఒక్క రోజు కూడా కుదరదు" అన్నాడు. అంటే నెలాఖరు దాకా టైముంది.

ప్రాజెక్టు ఏమిటో ముందు రాసిపెట్టుకుంటాను. 30 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం పట్టీ. మధ్యలో 6 మిల్లీమీటర్ల రంధ్రం. దాన్ని కాలేజీ ల్యాబులో యూటీఎం (లోహాన్ని లాగి పరీక్షించే మెషీన్) మీద లాగుతూ రంధ్రం చుట్టూ లోహం ఎక్కడ ఎంత సాగిందో ఫోటోలతో కొలవాలి. స్ట్రెయిన్ (సాగుడు) కొలిచే చిన్న గేజ్ అతికిస్తే అది తన పొడవు మేరకు సగటు చెబుతుంది. రంధ్రం అంచున అర మిల్లీమీటరుకే లెక్క మారిపోతుంది, అక్కడ సగటుతో పని జరగదు. అందుకే డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్, మా ల్యాబులో అందరూ అనే మాటలో డీఐసీ. 1980ల మొదట్లో అమెరికాలోని సౌత్ కరోలినా యూనివర్సిటీలో మొదలైన పద్ధతి ఇది. లాగక ముందు ఒక ఫోటో, లాగుతూ ఇంకొన్ని ఫోటోలు తీస్తాం. మొదటి ఫోటోలో ఒక చిన్న ముక్కను, అంటే సబ్‌సెట్‌ను తీసుకుని, అదే ముక్క తర్వాతి ఫోటోలో ఎక్కడికి జరిగిందో ప్రోగ్రాం వెతుకుతుంది. పిక్సెల్‌లో వందో వంతు కదలికను కూడా పట్టగలదు.

అయితే వెతకడానికి పట్టీ మీద గుర్తులుండాలి. ఉత్త అల్యూమినియం మీద మెరుపు తప్ప ఏమీ ఉండదు. తెల్ల రంగు పూసి దాని మీద నల్ల చుక్కలు వేయాలి. ఈ డైరీ అంతా ఆ చుక్కల గురించే.

జనవరి 5

గాంధీ రోడ్డులో తెలుపు, నలుపు మ్యాట్ స్ప్రే డబ్బాలు కొన్నాను. మ్యాటే ఎందుకంటే నిగనిగలాడే రంగు మీద లైటు పడితే ఆ మెరుపు పట్టీతో పాటు కదలదు, ప్రోగ్రాం దాన్ని కూడా గుర్తనుకుని మోసపోతుంది.

మేడ మీద ఒక జానెడు దూరం నుంచి కొట్టాను. నల్లగా, స్పష్టంగా, ఎంత అందంగా వచ్చిందో! ల్యాబులో అన్న చూసి "బాగా పడింది మా, ఇంకేం, లాగేద్దామా?" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. మేడం మాత్రం "చుక్క సైజు ఎన్ని పిక్సెళ్లు?" అని ఒక్క ప్రశ్న అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

రాత్రి కూర్చుని లెక్క తీశాను. ఫోటో వెడల్పు 6000 పిక్సెళ్లు. కలర్ సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది, మిగతా రంగుల్ని కెమెరా పక్క పిక్సెళ్లను బట్టి ఊహించి నింపుతుంది. ఆ ఊహ నాకొద్దు. కెమెరా ఏమీ మార్చకుండా దాచే రా ఫైల్‌లోంచి ప్రతి 2×2 పిక్సెళ్ల గడికి ఒక పచ్చ పిక్సెల్‌ను మాత్రం తీసుకున్నాను. కాబట్టి వెడల్పులో నాకు మిగిలింది 3000 పిక్సెళ్లు. ఫ్రేములో 90 మిల్లీమీటర్లు పడుతోంది. ఒక పిక్సెల్ అంటే 30 మైక్రాన్లు. ఆటోకోరిలేషన్ (ఫోటోను జరుపుతూ దాంతోనే పోల్చే లెక్క) చేసి సగటు చుక్క సైజు తీస్తే 14 పిక్సెళ్లు వచ్చింది, దాదాపు 0.4 మిల్లీమీటర్లు.

పెద్ద చుక్కలతో నష్టమేమిటో రంధ్రం దగ్గర తెలుస్తుంది. ఒక సబ్‌సెట్‌లో ఆ చివర నుంచి ఈ చివరకి కనీసం మూడు చుక్కలైనా పడాలి. చుక్క పెద్దదైతే సబ్‌సెట్ పెద్దది కావాలి, పెద్ద సబ్‌సెట్ రంధ్రం అంచుకి దగ్గరగా రాలేదు, దాని సగం వెడల్పు దూరంలోనే ఆగిపోతుంది. 1898లో కిర్ష్ ఇచ్చిన లెక్క ప్రకారం చాలా వెడల్పైన పలకలో గుండ్రటి రంధ్రం అంచున ఒత్తిడి, దూరంగా ఉన్నదానికి 3 రెట్లు. నా రంధ్రానికి ఆ సూత్రం వేసి చూస్తే అంచు నుంచి 0.45 మిల్లీమీటర్లు జరిగేసరికి అది 2.2 రెట్లకి, 0.9 మిల్లీమీటర్లకి 1.8 రెట్లకి పడిపోతుంది. 31 పిక్సెళ్ల సబ్‌సెట్‌తో నాకు 2.2 కనిపిస్తుంది, 61 పిక్సెళ్లదైతే 1.8 దగ్గరే చూపు ఆగిపోతుంది. ప్రాజెక్టు పెట్టుకున్నదే ఆ అంచు కోసం. పట్టీని థిన్నర్‌తో తుడిచేశాను. కొంచెం బాధగా అనిపించింది, అంత బాగున్న దాన్ని తుడవాలంటే.

జనవరి 7

ఈసారి దూరంగా, చేయి చాచినంత ఎత్తు నుంచి, నాజిల్‌ను సగమే నొక్కి మంచులా పడేట్టు కొట్టాను. సగటు 2 పిక్సెళ్లు. కంటికి బూడిద రంగు పలకలా ఉంది తప్ప చుక్కలు కనపడవు.

ఇప్పుడు కంటిని నమ్మకుండా నంబరు చూశాను. చుక్కల నాణ్యతకి ఎక్కువ మంది వాడే కొలత సగటు గ్రేడియంట్, ఎంఐజీ. బింగ్ పాన్ బృందం 2010లో ప్రతిపాదించింది. ప్రతి పిక్సెల్ దగ్గర నలుపు తెలుపులు ఎంత నిటారుగా మారుతున్నాయో లెక్కకట్టి మొత్తం ఫోటోకి సగటు తీస్తారు. మార్పు ఎంత నిటారుగా ఉంటే కదలికను అంత బాగా పట్టుకోవచ్చు. మొన్నటి పెద్ద చుక్కలకి 9 వచ్చింది, ఈ సన్న చుక్కలకి 31. సంతోషంతో మేడంకి మెసేజ్ పెట్టాను. "ఇంకా రెండు మూడు రకాలు చేసి పోల్చు" అని జవాబు వచ్చింది.

జనవరి 8

ధనుర్మాసం కాబట్టి పొద్దున్నే వాకిట్లో ముగ్గు నాదే. ఈ రోజు పదిహేను చుక్కలు, ఎనిమిది వరసలు. చుక్కలు పెడుతూంటే ఇదే పట్టీ మీద ప్రింటు తీస్తే ఎంత నీటుగా ఉంటుందనిపించింది. సైజు నా చేతిలో, దూరం నా చేతిలో. స్టిక్కర్ కాగితం మీద సమానంగా చుక్కలు ప్రింట్ చేయించి అతికించి చూశాను. ఎంఐజీ 26, కాంట్రాస్ట్ బ్రహ్మాండం.

ప్రోగ్రాంకి మాత్రం అసలు పనికిరాలేదు. ముక్కను సరిగ్గా చుక్కకీ చుక్కకీ మధ్య ఉన్న దూరమంత జరిపితే కదలిక సున్నా అని చూపించింది. ప్రతి చుక్కా పక్క చుక్కలాగే ఉంటే ఏది ఎటు పోయిందో దానికెలా తెలుస్తుంది? ఎంఐజీకి ఈ సంగతి తెలియదు, అది నిటారుదనం ఒక్కటే చూస్తుంది. ఆటోకోరిలేషన్ బొమ్మలో మాత్రం వెంటనే బయటపడింది. మంచి చుక్కలకి మధ్యలో ఒక్కటే శిఖరం ఉంటుంది, దీనికి చుట్టూ వరసగా శిఖరాలే. ముగ్గుకి క్రమం కావాలి, నా పట్టీకి క్రమమే శత్రువు.

జనవరి 9

కదలకుండా ఉన్న పట్టీని ఇరవై ఫోటోలు తీశాను. ఏమీ కదల్లేదు కాబట్టి ప్రోగ్రాం చూపించే కదలికంతా కెమెరా నాయిస్ వల్ల వచ్చిందే. మన కొలతకి అది కింది హద్దు.

దీన్ని ముందే అంచనా కట్టే సూత్రం కూడా ఉంది. సబ్‌సెట్‌లోని అన్ని పిక్సెళ్ల గ్రేడియంట్లను వర్గం చేసి కూడితే వచ్చేదాన్ని ఎస్ఎస్ఎస్ఐజీ అంటారు. రెండు ఫోటోల్లోనూ నాయిస్ ఉంటుంది కాబట్టి ఒక్క ఫోటో నాయిస్‌ను 1.41తో గుణించి, దాన్ని ఎస్ఎస్ఎస్ఐజీ వర్గమూలంతో భాగించాలి. నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న 256 మెట్లలో నా నాయిస్ 2 మెట్లు. గ్రేడియంట్ 20 దగ్గరుంటే 31×31 సబ్‌సెట్‌లో పొరపాటు 0.0046 పిక్సెల్. 8 మాత్రమే ఉంటే 0.011. సన్న చుక్కల పట్టీకి అంచనా 0.0035 వచ్చింది, ఇరవై ఫోటోల కొలత కూడా దాదాపు అంతే చూపించింది. కాగితం మీద ఇంతకన్నా మంచి చుక్కలు లేవు.

పెద్ద చుక్కల పాత ఫోటో కూడా మళ్లీ తీసి చూశాను. అందులో ఇంకో దోషం దొరికింది. కొన్ని మచ్చలు 40 పిక్సెళ్ల దాకా ఉన్నాయి, 31 పిక్సెళ్ల సబ్‌సెట్ మొత్తం ఒకే నల్ల మచ్చలో మునిగిపోతోంది. అక్కడ గ్రేడియంట్ దాదాపు సున్నా. సగటు తీస్తే ఇలాంటి చోట్లు కనపడవు. ఇక నుంచి పట్టీ అంతటా సబ్‌సెట్ సబ్‌సెట్‌కీ ఎస్ఎస్ఎస్ఐజీ వేసి, రంగుల మ్యాపు గీసి, అన్నిటికంటే తక్కువ ఉన్న చోటే మార్కులేస్తాను.

జనవరి 11

ఈ రోజు జరిగింది జాగ్రత్తగా రాయాలి.

సన్న చుక్కలే ఖాయం అనుకుని, ఒక్కసారి కదిలించి కూడా చూద్దామని ఫిజిక్స్ ల్యాబు నుంచి ట్రావెలింగ్ మైక్రోస్కోప్ అడిగి తెచ్చాను. దాని స్క్రూతో 0.01 మిల్లీమీటరు చొప్పున జరపొచ్చు. నా ఫ్రేములో అది పిక్సెల్‌లో మూడో వంతు. కానీ పాత స్క్రూ, అంత కచ్చితంగా జరుగుతుందన్న నమ్మకం లేదు. అందుకని జరిగే పళ్లెం మీద రెండు ముక్కలు పక్కపక్కన అతికించాను, ఒకటి 2 పిక్సెళ్ల చుక్కలది, ఒకటి పోల్చడానికని విడిగా చేసుకున్న 4 పిక్సెళ్ల చుక్కలది. స్క్రూ ఎంత జరిపినా రెండూ ఒకేలా జరగాలి. తేడా వస్తే అది చుక్కల తేడా.

పన్నెండు సార్లు జరిపి ప్రతిసారీ ఫోటో తీశాను. రెండు ముక్కల కదలికల మధ్య తేడా గ్రాఫులో అలలాగా వచ్చింది. మూడో వంతు దగ్గర సన్న చుక్కలు ఒకవైపు తప్పు చెబుతున్నాయి, మూడింట రెండు వంతుల దగ్గర రెండోవైపు, పూర్తి పిక్సెల్ జరిగేసరికి మళ్లీ సున్నా. అల ఎత్తు దాదాపు 0.04 పిక్సెల్. నాయిస్ లెక్క 0.0035 అన్న పట్టీకి ఇది పది రెట్ల పైన తప్పు.

కారణం ఏలియాసింగ్. చుక్క మరీ చిన్నదైతే దాని ఆకారం పట్టడానికి సెన్సార్ గళ్లు చాలవు. సినిమాలో జోరుగా పోయే బండి చక్రం ఆకులు వెనక్కి తిరుగుతున్నట్టు కనపడతాయి కదా, అలాగే ఫోటోలోకి లేని ఆకారం వచ్చి కూర్చుంటుంది. పచ్చ పిక్సెళ్లను మాత్రమే ఏరుకున్నాను కాబట్టి నాకు గళ్లు ఇంకా దూరమయ్యాయి. పట్టీ కదలకుండా ఉన్నంతసేపూ రెండు ఫోటోల్లోనూ అదే తప్పుడు ఆకారం ఉంటుంది, అవి చక్కగా సరిపోతాయి. అందుకే నిన్నగాక మొన్న ఇరవై ఫోటోల పరీక్షలో ఈ దోషం దాక్కుంది.

స్ట్రెయిన్‌లో దీని వల్ల ఎంత పోతుందో లెక్కేశాను. పట్టీని 3 కిలోన్యూటన్లతో లాగితే 60 చదరపు మిల్లీమీటర్ల మీద 50 మెగాపాస్కల్స్. అల్యూమినియం ఎలాస్టిక్ మాడ్యులస్ (సాగకుండా ఎదిరించే బిరుసు) 70 గిగాపాస్కల్స్, కాబట్టి స్ట్రెయిన్ 714 మైక్రోస్ట్రెయిన్, అంటే పొడవులో పది లక్షల వంతుల్లో 714 వంతుల సాగుడు. ప్రతి 1400 పిక్సెళ్లకి కదలిక ఒక పిక్సెల్ పెరుగుతుంది, అంటే ఆ అల ప్రతి 1400 పిక్సెళ్లకోసారి వస్తుంది. వాలు లెక్క తీస్తే అది పుట్టించే దొంగ స్ట్రెయిన్ 180. అసలులో నాలుగో వంతు! పట్టీ పొడవునా చారలు చారలుగా కనపడేది, లోహం గుణమేదో బయటపడిందని నేను సంబరపడేదాన్ని.

అంతర్జాతీయ డీఐసీ సొసైటీ 2018లో వేసిన గైడు చుక్క 3 నుంచి 5 పిక్సెళ్లుండాలని చెబుతుంది. చదివాను, ఒప్పుకున్నాను, అయినా ఎంఐజీ 31 అన్న నంబరు చూసి పక్కన పెట్టేశాను. ఎంఐజీ ఒక్కదాన్నే పట్టుకుంటే అది మనల్ని ఇంకా ఇంకా సన్న చుక్కల వైపే తోస్తుంది. ముందు సైజు హద్దులో ఉందా చూడాలి, ఆ తర్వాతే ఎంఐజీతో పోల్చాలి.

జనవరి 13

రేపు భోగి. పొద్దున కల్లాపి చల్లుతూ నా చేతినే గమనించాను. బకెట్లోంచి దోసిట్లోకి పేడనీళ్లు తీసుకుని, వేళ్లు కాస్త ఎడం చేసి, మణికట్టుతో విసురుతాం. దోసిలి నిండా నీళ్లున్నప్పుడు విసిరితే కాళ్ల దగ్గరే పెద్ద పెద్ద బొట్లు పడతాయి. సగం కారిపోయాక విసిరితే చినుకులు దూరంగా, సమానంగా పడతాయి. మూడు విసుర్లలో వాకిలి అంతా ఒకే తీరుగా తడుస్తుంది, కానీ ఏ రెండు చోట్లా చినుకులు ఒకేలా పడవు. నాకు కావాల్సింది సరిగ్గా ఇదే, ఈ సైజులో కాదు, 0.12 మిల్లీమీటర్లలో.

ముందు టూత్‌బ్రష్‌తో అదే పని చేశాను. నల్ల రంగులో ముంచి, కాగితం మీద రెండు సార్లు విదిలించి, అప్పుడు బొటనవేలితో కుచ్చు వెనక్కి లాగి వదిలాను. సగటు 5 పిక్సెళ్లు, ఎంఐజీ 19. సగటుకి వంక లేదు కానీ మ్యాపులో రంధ్రానికి ఎడమ పక్కన ఒక ఖాళీ ఉంది, అక్కడ తెలుపు తప్ప ఏమీ పడలేదు. నాకు అన్నిటికంటే కావాల్సిన చోటు అదే.

మళ్లీ స్ప్రే డబ్బాకే వచ్చాను. పట్టీని నేల మీద పడుకోబెట్టి, చుట్టూ అట్టపెట్టె నిలబెట్టాను, లేకపోతే మేడ మీద కొండ వైపు నుంచి వచ్చే గాలికి స్ప్రే మంచు అంతా ఒక పక్కకి కొట్టుకుపోతోంది. డబ్బాను పట్టీకి గురిపెట్టలేదు. రెండడుగుల ఎత్తులో అడ్డంగా పట్టుకుని, మొదటి విసురు న్యూస్‌పేపర్ మీద వదిలేసి, తర్వాత పట్టీ పైనుంచి గాల్లోకి కొట్టాను. చినుకులు తమంత తామే నెమ్మదిగా కిందికి దిగాయి. ఒక విసురు, ఒక నిమిషం ఆగడం, ఇంకో విసురు. నాలుగోసారికి నలుపు తెలుపు దాదాపు సగం సగం వచ్చాయి, అక్కడే ఆపాను.

సగటు 4 పిక్సెళ్లు. ఎంఐజీ 24. మ్యాపులో ఖాళీ లేదు. సన్న చుక్కల ముక్కను పక్కన పెట్టుకుని మళ్లీ పన్నెండు సార్లు జరిపితే ఆ పాత అల మళ్లీ వచ్చింది. ఇదే తీరుగా చేసిన రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టి జరిపితే వాటి మధ్య తేడా నాయిస్‌లోనే కలిసిపోయింది. అమ్మ అరిసెల పాకం దగ్గర నుంచి రెండుసార్లు పిలిచింది. గ్రాఫు అయ్యాకే వెళ్లాను.

జనవరి 19

పండగ తర్వాత ల్యాబు. లైట్ల పని. హాలోజెన్ లైటు పెడితే వేడికి గాలి ఊగి, కదలని పట్టీ కూడా ఫోటోలో నీళ్లలో ఉన్నట్టు వణికింది. ఎల్ఈడీ పెట్టి, ఫ్యాన్ ఆపాను. తెలుపు 255కి అంటుకోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించాను. అక్కడ అంటుకుంటే తెల్లటి చోట గ్రేడియంట్ చచ్చిపోతుంది. జేపెగ్ వాడలేదు, అది 8×8 గళ్లుగా కుదిస్తుంది, ఆ గళ్లు పట్టీతో కదలవు.

జనవరి 23

లాగాం.

యూటీఎం పంపు నడుస్తుంటే కెమెరా స్టాండు కాళ్లు సన్నగా అదురుతున్నాయి. అన్న ఇసుక బస్తా తెచ్చి స్టాండు మధ్య కొక్కేనికి వేలాడదీశాడు, అదురు చాలావరకు పోయింది. "ఫోటో తీసేటప్పుడు చెప్పుమా, లోడు ఆపి పట్టుకుంటా" అన్నాడు. 0.5 కిలోన్యూటన్ల చొప్పున ఆరు మెట్లలో 3 దాకా వెళ్లాం.

ఒక టెన్షన్ ముందు నుంచీ ఉంది. కెమెరా పట్టీకి అర మీటరు దూరంలో ఉంది. గ్రిప్పులు సర్దుకునేటప్పుడు పట్టీ కెమెరా వైపు పావు మిల్లీమీటరు వచ్చినా ఫోటో పెద్దదై 500 మైక్రోస్ట్రెయిన్ దొంగగా కలుస్తుంది. చుక్కలు ఎంత మంచివైనా దీన్ని ఆపలేవు. అందుకని ముందు 0.5 దగ్గర గ్రిప్పుల్ని సర్దుకోనిచ్చి, ఆ ఫోటోనే మొదటి ఫోటోగా తీసుకున్నాను. లోడు తగిలించని ఇంకో చుక్కల ముక్కను పట్టీ పక్కన నిలబెట్టి అది కూడా ఫ్రేములో పడేట్టు చూసుకున్నాను. అందులో స్ట్రెయిన్ కనపడితే కెమెరా కదిలిందని అర్థం. నాయిస్‌ను మించి ఏమీ కనపడలేదు.

రాత్రి ఎన్‌కార్‌లో, సబ్‌సెట్ వ్యాసార్థం 15 పిక్సెళ్లు పెట్టి నడిపాను. జార్జియా టెక్‌లో తయారైన ప్రోగ్రాం, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. రంధ్రానికి రెండు పక్కలా ఎర్రగా రెండు రెక్కలు, పైనా కిందా చల్లటి నీలం. కిర్ష్ లెక్కలో ఎలా ఉండాలో అలాగే ఉంది, చారల్లేవు. అంచు నుంచి 0.45 మిల్లీమీటర్ల దగ్గర ఒత్తిడి 2.2 రెట్లయినా, అక్కడ అడ్డంగా కూడా కొంత లాగుడుంటుంది కాబట్టి స్ట్రెయిన్ 2.1 రెట్లు రావాలి. నాకు వచ్చింది 2.0. స్ట్రెయిన్ తీసేటప్పుడు చుట్టుపక్కల పాయింట్లతో సగటు చేస్తాం, శిఖరం ఆ కాస్త అణిగిందని నా అభిప్రాయం. ఆ సగటు కిటికీని చిన్నది చేసి మళ్లీ నడపాలి, అప్పుడు నాయిస్ ఎంత పెరుగుతుందో కూడా చూడాలి.

మేడంకి బొమ్మ పంపాను. "చుక్కల మ్యాపు కూడా పక్కన పెట్టి పంపు" అన్నారు. పంపాను.

జనవరి 24

ఒక్క పట్టీతో వచ్చిన లెక్కని నేనే నమ్మను. రెండో పట్టీకి ఈ సాయంత్రం తెల్ల రంగు వేశాను. రంగు పాతబడితే బిరుసెక్కి లోహంతో పాటు సాగదు, అందుకే రెండు పట్టీలకీ ఒకేసారి వేసి ఉంచుకోలేదు. అట్టపెట్టె చెదిరిపోకుండా ఇటుకలు పెట్టాను. పొద్దున గాలి లేవక ముందే నలుపు కొట్టాలి, మధ్యాహ్నం ల్యాబులో అన్న ఖాళీగా ఉంటానన్నాడు. మామకి కెమెరా ఇవ్వడానికి ఇంకా ఆరు రోజులుంది.